వెల్ సెటిల్డ్

కోనసీమలో పెళ్ళిపందిట్లో అడుగుతారు: “మీవాడు సెటిలయ్యాడాండీ?” కరీంనగర్‌లో దావత్‌కు పోతే అడుగుతరు: “మీ పోరడు సెటిలయిండా?” కడపలో అడుగుతారు: “మీవోడు యాడన్నా సెటిలయినాడా, ఇంగా తిరుగుతానే ఉండాడా?” శ్రీకాకుళంలో: “మీ గుంటడు సెటిలైపోనాడేటి?” యాసలు మారాయి, క్రియలు మారాయి, ఆ ఒక్క మాట నాలుగు చోట్లా చెక్కు చెదరలేదు. రాష్ట్రం విడిపోయి పదేళ్ళు దాటినా తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు ఆస్తుల పంచాయితీ తెగలేదు గానీ, ఈ మాటను పంచుకుందామని మాత్రం ఏ ప్రభుత్వమూ అడగలేదు. ఉమ్మడి ఆస్తిగా ఉంచేసుకున్నాం.

ఆ ప్రశ్నకు “అయ్యాడండీ” అని గట్టిగా చెప్పగలిగిన తండ్రి ఇంతవరకూ పుట్టలేదు. ఎంసెట్‌లో ర్యాంకు వస్తే సెటిలన్నారు. వచ్చింది. మంచి కాలేజీలో సీఎస్‌ఈ సీటు వస్తే సెటిలన్నారు. వచ్చింది. క్యాంపస్‌లో కొట్టేస్తే ఇక చూసుకోనక్కర్లేదన్నారు. ఆఫర్ లెటరు వచ్చింది, జాయినింగ్ డేటు రాలేదు. అదీ వచ్చాక పెళ్ళన్నారు, పెళ్ళయ్యాక ఫ్లాటన్నారు, ఇరవయ్యేళ్ళ ఈఎంఐ నెత్తిన పెట్టుకున్నాక “పిల్లలు సెటిలవ్వాలి కదా” అన్నారు. తెలుగువాణ్ణి సెటిలయ్యాడని లోకం నిస్సందేహంగా ఒప్పుకునేది ఒకే ఒక్కసారి, అతని పెద్దకర్మ రోజున: “అందరినీ సెటిల్ చేసి వెళ్ళిపోయాడు, మహానుభావుడు.”

ఇదంతా మగపిల్లాడి కథ. ఆడపిల్లకు సిలబస్ వేరు. ఆమె గ్రూప్ వన్ కొట్టి డిప్యూటీ కలెక్టరుగా మండలాలకు మండలాలు చక్కబెడుతున్నా, సొంత జీతంతో తల్లికి కంటి ఆపరేషన్ చేయించినా, పెళ్ళి కాకపోతే “ఏం చదివి ఏం లాభం, పిల్ల ఇంకా సెటిల్ కాలేదు” అంటారు. అదే పిల్ల ఉద్యోగం మానేసి, పనిచేసే అనుమతి లేని భార్యగా డల్లాస్‌లో పరాయి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే, ఊళ్ళో తాంబూలాల దగ్గర చెప్పుకుంటారు: “అమ్మాయి అమెరికాలో సెటిలండీ.”

అమెరికా అన్నాం కాబట్టి అక్కడి సెటిల్ సంగతి కూడా చూద్దాం. పెళ్ళిసంబంధాల ప్రకటనల్లో “యూఎస్‌లో వెల్ సెటిల్డ్” అని అచ్చువేయించే వరుడికి ఉండేది సాధారణంగా హెచ్‌1బి. మొదట మూడేళ్ళు, ఆపైన మరో మూడేళ్ళు. గ్రీన్‌కార్డు లైన్లో ఉంటే పొడిగింపులు. ఉద్యోగం పోయిందా, కొత్త కంపెనీని వెతుక్కోవడానికి 60 రోజులు. మన ఊళ్ళో అద్దెకున్న వాణ్ణి ఖాళీ చేయించడానికి ఇంటి యజమానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడాదికి 7 శాతం మించకూడదని అక్కడి చట్టం. చిన్న దేశంవాడికీ నూటనలభై కోట్ల దేశంవాడికీ అదే కొలపాత్ర. కాబట్టి మనవాడి లైను దశాబ్దాల పొడవుంటుంది. 2025 సెప్టెంబరు 19న, ఒక శుక్రవారం, కొత్త హెచ్‌1బి దరఖాస్తుకు లక్ష డాలర్లని ట్రంప్ ఉత్తర్వు తీశాడు. సెలవుకని ఇంటికొచ్చిన వెల్ సెటిల్డ్‌లందరూ ఆవకాయ జాడీలు సర్దకుండానే విమానాశ్రయాలకు పరుగెత్తారు. పాత వీసాలకు అది వర్తించదని మర్నాడు వివరణ వచ్చింది. అప్పటికి టికెట్ల డబ్బు ఎయిర్‌లైన్సు ఖాతాలో సెటిలైపోయింది.

గ్రీన్‌కార్డుకు ఆ దేశంలో ఉండి పెట్టుకునే ఆఖరి దరఖాస్తు పేరేమిటో తెలుసా? అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్. సెటిల్మెంట్ అనలేదు, అడ్జస్ట్‌మెంట్ అన్నారు. అమెరికావాడు మాటల దగ్గర మనకన్నా నిజాయితీపరుడు.

ఈ మాట పుట్టిల్లు ఇంగ్లండులో సెటిల్ అంటే ఒక సామాను కూడా. ఎత్తైన వీపు, రెండు కొసలా చేతులు ఉండే పొడవాటి చెక్క బల్ల. పల్లెటూరి పబ్బుల్లో చలిమంట పక్కన వేసి ఉంటుంది. పాత ఇంగ్లీషులో కూర్చునే చోటుకున్న పేరే అలా మిగిలింది. యార్క్‌షైర్‌లో సెటిల్ అనే పేరుతో ఊరే ఉంది. అక్కణ్ణుంచి కార్లైల్‌కు 1870లలో రైలు మార్గం వేశారు, 1980లలో మూసేస్తామన్నారు, జనం గొడవ చేస్తే 1989లో ఉండనిచ్చారు. సెటిల్ రైలు సెటిల్ కావడానికే నూరేళ్ళు దాటిందన్నమాట. ఈ ఊరి సంగతి అమీర్‌పేట కన్సల్టెన్సీల చెవిన ఇంకా పడినట్టు లేదు. పడిన మర్నాడే మెట్రో స్తంభాల మీద బోర్డు లేస్తుంది: “సెటిల్‌లో సెటిలవ్వండి, ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు.”

బల్ల మీద కూర్చునే మాట, ఓడెక్కి ఇక్కడికొచ్చేసరికి మన నెత్తిన కూర్చుంది.

మొదట భూమితో మొదలుపెట్టింది. బెంగాల్‌లో 1793లో చేసిన పర్మనెంట్ సెటిల్మెంట్‌ను కంపెనీ 1802లో మన సర్కారు జిల్లాలకు తెచ్చింది. ఎవరితో సెటిల్ చేసుకున్నారు? జమీందారుతో. దేన్ని గురించి? రైతు పండించే పంట గురించి. రైతును పిలిచారా? పిలిస్తే అది సెటిల్మెంట్ ఎందుకవుతుంది! జమీందార్లు లేని చోట భూమిని ముక్కలు కోసి, ముఠాలని పేరుపెట్టి, వేలం పాడారు. కొన్నవాళ్ళలో చాలామంది పేష్కషు కట్టలేక కూలిపోయారు. అవును, ముఠాలు. సెటిల్మెంటుకూ ముఠాకూ ఉన్న చుట్టరికం నిన్న మొన్నటిది కాదు, దానికి రెండొందల ఏళ్ళు దాటాయి. ఆ పర్మనెంట్ కాస్తా 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసింది. సర్కారు భాషలో శాశ్వతం అంటే 146 ఏళ్ళని అప్పుడు తేలింది.

సీడెడ్ జిల్లాల్లో మన్రో దొర వచ్చి, మధ్యలో జమీందారెందుకు, నేరుగా రైతుతోనే సెటిల్ చేసుకుంటామన్నాడు. మంచివాడని పేరు, సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు కూడా. కానీ రైత్వారీ బేరంలోనూ ఎంత కట్టాలో చెప్పేది ఒకరు, కట్టేది ఇంకొకరు. ముప్పయ్యేళ్ళకోసారి రీసెటిల్మెంట్ అని మళ్ళీ వచ్చేవారు. ఒకసారి సెటిలయ్యాక మళ్ళీ సెటిల్ చేయడమేమిటని అడగకూడదు. వచ్చేది పెంచడానికే. ఇప్పటికీ ఆంధ్రలో పొలం గట్టు తగాదా వస్తే సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ తీయమంటారు, తెలంగాణలో సేత్వార్ తీయమంటరు. సెటిలైపోయిందని రాసి ఉన్న ఆ కాగితాన్నే రెండు పక్షాలూ పట్టుకుని సివిల్ కోర్టులో తాతల నుంచి మనవల దాకా నడుస్తారు.

భూమిని సెటిల్ చేసినవాళ్ళు ఊరుకోలేదు, మనుషుల్ని కూడా చేశారు. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు ఎద్దుల మీదా గాడిదల మీదా కోస్తా ఉప్పు లోపలి ఊళ్ళకు మోసి, ధాన్యం తిరిగి మోసుకొచ్చిన జనం. రైలొచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, బేరం పోయింది. తిరిగే వృత్తిని తీసేసినవాళ్ళే, తర్వాత వీళ్ళు తిరుగుతున్నారు కాబట్టి దొంగలన్నారు. 1871లో ఉత్తరాదిన చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. పుట్టిన బిడ్డ పుట్టగానే నేరస్థుడు, ఆధారం అక్కర్లేదు, తల్లి ఎవరో తెలిస్తే చాలు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి బాపట్ల దగ్గర ఒక బీడు మీద వాళ్ళను కూర్చోబెట్టి, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ దొర పేరిట స్టూవర్టుపురం అన్నారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టులు ఇంకొకటి నడిపారు. ఉదయం హాజరు, రాత్రి హాజరు, పొలిమేర దాటాలంటే చీటీ, చీరాల పొగాకు కంపెనీలో కూలి. ఇలాంటి చోటును జైలనవచ్చు. లేబర్ క్యాంపు అనవచ్చు. చట్టం మాత్రం వాటికి పెట్టిన పేరు సెటిల్మెంట్.

దేశంలో మరెవర్నీ ఇంత శ్రద్ధగా సెటిల్ చేయలేదు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది, అలవాటు నేరస్థుల చట్టమని పేరు మార్చుకుని దాని తమ్ముడొచ్చాడు. స్టూవర్టుపురం పేరు మీద 1991లో సినిమా వచ్చింది, 2023లో ఆ ఊరి కథతో పాన్ ఇండియా సినిమా వచ్చింది. ఆ ఊరి కుర్రాడు ఇంటర్వ్యూకు వెళ్ళి సొంతూరు పేరు చెబితే ఎదుటివాళ్ళు ఒక్కసారి జేబు తడుముకునే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. అతణ్ణి ఎవరైనా “ఎప్పుడు సెటిలవుతావు బాబూ?” అని అడిగితే, వాళ్ళ ముత్తాతకాలంలోనే అయిపోయిందని చెప్పవచ్చు.

సెటిల్మెంట్ నుంచి సెటిలర్‌కు వద్దాం. నిజాంసాగర్ 1931లో పూర్తయింది. నీళ్ళు పారిన చోటికి కృష్ణా, గుంటూరు రైతులు వచ్చారు. బోధన్, వర్ని, బాన్సువాడ వైపు భూములు కొన్నారు, వాళ్ళ ఊళ్ళు క్యాంపులయ్యాయి. తుంగభద్ర కాల్వ కింద గంగావతి, సింధనూరుల్లోనూ ఇదే కథ, అవే క్యాంపులు, అదే ఉలవచారు. నిజాంసాగర్ కిందికి వచ్చినవాడి మునిమనవడు తెలంగాణ బడిలో చదివి, బతుకమ్మ చీర పంచే కార్యక్రమంలో ఫొటో దిగి, సకినాలు లేకుండా సంక్రాంతి చేయలేని స్థితికి వచ్చాడు. అయినా ఎన్నికలొస్తే పేపర్లో అతను సెటిలర్. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఎల్బీనగర్‌లలో సెటిలర్ల ఓట్లెన్నో లెక్కగట్టని విశ్లేషకుడు లేడు. జనాభా లెక్కల కాగితంలో ఎక్కడా లేని ఈ కులం, టీవీ చర్చల్లో మాత్రం అయిదేళ్ళకోసారి గద్దెలు తిప్పుతుంది. ఉద్యమకాలంలో నేతల నోట అది తిట్టు. ఓట్లకాలంలో అదే నేతల నోట “సెటిలర్ సోదరులు.” గుంటూరులో ఉన్న సొంత అన్న మాత్రం అసూయగా అంటాడు: “నీకేంట్రా, హైదరాబాదులో సెటిలయ్యావు.” ఒకే మనిషి, ఒకే మాట, కృష్ణకు ఇవతల గొప్ప, అవతల నేరం.

ఇందులో ఇంకో మెలిక ఉంది, విశ్లేషకులు దాని జోలికి పోరు. సెటిలర్ అనిపించుకోవాలంటే ముందు కొనాలి. అదే నగరంలో అపార్ట్‌మెంట్లకు శ్లాబు వేసే బీహారువాడు, ఇటుక బట్టీలో ఒడిశావాడు, ఒకప్పుడు దేశం మొత్తం మీద ఆనకట్టల మట్టి మోసిన పాలమూరు లేబరు, వీళ్ళెవరూ సెటిలర్లు కారు. ఎన్నేళ్ళున్నా వలస కూలీలే. వాళ్ళు కట్టిన ఇంట్లో కాలుపెట్టిన రోజే ఇంకొకడు సెటిలవుతాడు.

ఇక అసలు సెటిల్మెంట్లు. జిల్లా పేజీ తెరిస్తే రోజూ ఉంటాయి: “సివిల్ తగాదాల్లో తలదూర్చి సెటిల్మెంట్లు”, “భూదందాలు, సెటిల్మెంట్లు”. ఈ రెండు మాటలు కవలపిల్లల్లా విడిగా కనపడవు. ఇంగ్లీషువాడు కోర్టు బయట రాజీకి ఇదే మాట వాడతాడు, అక్కడ ఇద్దరు లాయర్లుంటారు. ఇక్కడ ఒక ఫామ్‌హౌసు, ఒక తెల్ల చొక్కా, నాలుగు స్కార్పియోలు ఉంటాయి. పోలీసు స్టేషన్‌లో అయితే ఎస్సై గది. సీమలో “రాజీ చేసుకోండప్పా” అనేవారు, తెలంగాణలో “పంచాయితి తెంపుకోండ్రి” అనేవారు, ఈ రెంటిలోనూ కనీసం నలుగురూ ఒకచోట కూర్చున్నట్టు ఉండేది. సెటిల్మెంట్‌లో కూర్చునేది ఒకడే. మిగతావాళ్ళు నిలబడతారు. 2016 ఆగస్టులో షాద్‌నగర్ దగ్గర గ్యాంగ్‌స్టర్ నయీం ఎన్‌కౌంటర్ అయ్యాక వారాల తరబడి పత్రికలు వాడినంతగా ఈ మాటను ఏ నిఘంటువూ వాడి ఉండదు.

మనమే దీన్ని పాడుచేశామని బాధపడనక్కర్లేదు. మలేషియాలో ట్రాఫిక్ పోలీసు బండి ఆపితే “సెటిల్ చేద్దామా?” అంటే చాలు, రసీదు పుస్తకం మూతపడుతుంది. నైజీరియాలో సెటిల్ చేయడమంటే చేతులు తడపడమే. 1985 నుంచి 1993 దాకా ఏలిన జనరల్ బాబంగిడా కాలంలో అది పరిపాలనా పద్ధతి స్థాయికి ఎదిగింది. ప్రశ్నించే నోరు కనపడితే దాన్ని సెటిల్ చేసేవారు. కానీ అదే నైజీరియాలో ఇగ్బో వ్యాపారుల దగ్గర దీనికి ఇంకో అర్థం ఉంది. కుర్రాడు ఒక షావుకారు దగ్గర ఏళ్ళ తరబడి జీతం లేకుండా పనిచేసి వ్యాపారం నేర్చుకుంటాడు. గడువు తీరాక షావుకారు అతనికి పెట్టుబడి ఇచ్చి సొంత దుకాణం పెట్టిస్తాడు. దాన్ని సెటిల్ చేయడం అంటారు. పైనున్నవాడు కిందివాడికి ఇచ్చే సెటిల్ భూమ్మీద నాకు తెలిసి ఇదొక్కటే. మన దగ్గర కుర్రాడు జీతం లేకుండా పనిచేసే భాగాన్ని మాత్రం ఇంటర్న్‌షిప్ పేరుతో దిగుమతి చేసుకున్నాం.

మన కంపెనీలు కూడా సెటిల్ చేయవని కాదు. శుక్రవారం సాయంత్రం మీటింగుకు పిలిచి, ల్యాప్‌టాప్ తీసేసుకుని, “ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్మెంట్ మెయిల్లో వస్తుంది” అంటాయి. మాదాపూర్‌లో దాన్ని ముద్దుగా ఎఫ్ అండ్ ఎఫ్ అంటారు. ఇంటి దగ్గర చుట్టాలు సెటిలయ్యాడని చెప్పుకుంటున్న కుర్రాణ్ణి ఆఫీసువాళ్ళు కూడా అదే మాటతో సాగనంపుతారు.

బ్యాంకు ఇంకా సొగసైనది. అప్పు తీర్చలేక వన్ టైమ్ సెటిల్మెంట్‌లో కొంత కట్టి బయటపడితే సిబిల్ రిపోర్టులో ఆ అప్పు ఎదురుగా “సెటిల్డ్” అని పడుతుంది. అది మచ్చ. పూర్తిగా కడితే పడేది “క్లోజ్డ్”. మ్యారేజ్ బ్యూరోలో సెటిల్డ్ అంటే కట్నం పెరుగుతుంది, బ్యాంకులో సెటిల్డ్ అంటే లోను రాదు. ఒకే కుర్రాడి బయోడేటానూ సిబిల్ రిపోర్టునూ పక్కపక్కన పెట్టి చూసే మామగారు ఇంకా తయారు కాలేదు. ఈ మచ్చ స్కూటర్ లోను తీసుకున్నవాడికి. పెద్దవాళ్ళకు మర్యాదలు వేరే ఉన్నాయి. కట్టగలిగీ కట్టని ఉద్దేశపూర్వక ఎగవేతదారులతో కూడా బ్యాంకులు రాజీ సెటిల్మెంట్లు చేసుకోవచ్చని 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. క్రిమినల్ కేసు దారి క్రిమినల్ కేసుదే, పాపం ఆ మాట కూడా రాశారు. సెటిల్మెంట్ అయ్యాక కొత్త అప్పు కావాలంటే కనీసం 12 నెలల కూలింగ్ పీరియడ్. ఎగ్గొట్టి అలసిపోయి ఉంటారు కదా, ఒక ఏడాది చల్లగా ఉండమని.

చివరికి మిగిలింది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు. అక్కడ స్టాంపు వెండరును ఏది చౌకని అడిగితే తడుముకోకుండా చెబుతాడు: “సేల్ డీడ్ ఎందుకు సార్, ఇంట్లోవాళ్ళకే కదా, గిఫ్ట్ సెటిల్మెంట్ రాయించండి.” 1899 నాటి స్టాంపు చట్టం దృష్టిలో సెటిల్మెంట్ అంటే పెళ్ళి సందర్భంగానో, కుటుంబంలో పంచడానికో, తన మీద ఆధారపడ్డవాళ్ళ కోసమో, దానధర్మానికో బతికుండగా ఆస్తి రాసివ్వడం. ఈ మాటకు ఇంతకన్నా ముద్దొచ్చే నిర్వచనం లేదు. కొడుకు సెటిల్ కావాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి, పిల్లనిచ్చేవాళ్ళు అడుగుతున్నారు, లేదా బ్యాంకువాళ్ళు అడుగుతున్నారు. తండ్రి వేలిముద్రలు వేసి, ఫొటో దిగి, డాబా, వెనక ఉన్న రెండు సెంట్లు రాసిచ్చేస్తాడు. “ప్రేమాభిమానముల చేత” అని దస్తావేజు లేఖరి తనే కలుపుతాడు, దానికి వేరే ఫీజు లేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు ముసలాయన మంచం వరండాలోకి వస్తుంది, ఇంకొన్నాళ్ళకు కారు షెడ్డులోకి.

అందుకూ చట్టముంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్. చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చి, ఆ పుచ్చుకున్నవాడు చూసుకోకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. షరతు కాగితం మీద ఉందా, మనసులో ఉందా అని కొడుకు తరఫు లాయరు అడుగుతాడు. కన్న కొడుక్కి ఆస్తి రాసిస్తూ “అన్నం పెట్టవలెను” అని షరతు రాయించే తండ్రిని మనం ఊళ్ళో ఏమంటామో ఆ లాయరుకు తెలియక కాదు. అది తేలేలోగా మందులకైనా ఉంటాయని పెద్దాయన నెలకింత ఇప్పించమని పోషణ కోసం ఇంకో అర్జీ పెట్టుకుంటాడు. ఆర్డీవో ఆఫీసు బయట బెంచీ మీద ఫైలు పట్టుకుని కూర్చుంటాడు, పేరు పిలుస్తారు. ఆ అర్జీని విచారణకు ముందు రాజీ అధికారికి పంపవచ్చని ఆరో సెక్షన్‌లో ఉంది. ఆయన నెలలోగా నివేదిక ఇవ్వాలి. తండ్రీ కొడుకుల మధ్య ఏం కుదిరిందో రాసే ఆ చోట చట్టం వాడిన మాట “అమికబుల్ సెటిల్మెంట్.” అధికారి మంచివాడే, ఇద్దర్నీ చూసి, కాస్త పట్టువిడుపులుండాలండీ, సెటిల్ చేసుకోండి అంటాడు. కొడుకు సరేనంటాడు. పెద్దాయనే మాట్లాడడు. మొదటి సెటిల్మెంటులోనే అన్నీ రాసిచ్చేశాడు, ఈ రెండోదానికి విడవడానికి ఆయన దగ్గర ఇంకేం లేదు.